నాలుగు వేల దగ్గర గుంట

సూర్యారావుపేటలో రెండు స్కానింగు సెంటర్ల మధ్య ఇరుక్కున్న
చెవుల క్లినిక్కు మాది.
చప్పుడు చొరబడని గదిలో మనిషిని కూర్చోబెట్టి
చెవిలో చుక్క చుక్కగా శబ్దం వెయ్యడం నా ఉద్యోగం.
వినపడితే మీట నొక్కండి.
వినపడిందేమో అనిపించినా నొక్కండి.
కొందరు నిశ్శబ్దానికి కూడా నొక్కుతారు.
తప్పు లేదు. భయం.

పదకొండేళ్లు.
రెండువందల యాభై నుంచి ఎనిమిది వేల దాకా
ఆ కూతలన్నీ నాకు కంఠతా వచ్చు.
ఒక్కదాన్నీ ఊరికే విన్నది లేదు.

మిషన్ల కొలతలు సరిచూడ్డానికి గుంటూరు నుంచి
ఏడాదికోసారి వచ్చే షాలేంరాజు
మొన్న వేసవిలో, పని అయ్యాక,
"ఇదొకటి వినండి మేడం" అని హెడ్‌ఫోన్లు తగిలించాడు.

మిషను పాడుచేశాడనుకున్నాను.
గీతలు పడ్డ సీడీ.
మాట మొదలుపెట్టి మింగేసిన ఎవరో.
సత్యనారాయణపురం వైపు పట్టాలు మారుతున్న గూడ్సు బండి.
వేళ్ల మీద లెక్కపెట్టాను: ఏడు. మళ్లీ ఏడు.
మూడో ఏడులో అర దెబ్బ ఎవరో కాజేశారు.
అది వెతుక్కుంటూ ఉంటే
నాలుగో వరసలో తెచ్చి ఇచ్చేశారు, వడ్డీతో.

"గ్లిచ్ అంటారండీ దీన్ని" అన్నాడు,
ఇక అందుకున్నాడు: డ్రోను, నాయిసు, యాంబియంటు,
అందులో చీకటిది వేరు, మంచుది వేరు,
పెళ్లిసంబంధం మాట్లాడుతున్నట్టు
శాఖలూ ఉపశాఖలూ.
సగం మర్చిపోయాను. ఫోనులో వేసి వెళ్లాడు.

మొదటి వారం తలనొప్పి.
రెండో వారం
మా సింగ్‌నగర్ ఇంట్లో ఫ్రిజ్జు ఏ శ్రుతిలో మూలుగుతుందో
పట్టుబడింది.
ఒకనాడు బ్యారేజీ మీద బస్సు ఆగిపోతే
ఎత్తిన ఆరు గేట్ల కింద నీటి హోరు
ఒకటే అనుకున్నది పొరలు పొరలుగా విడిపోయి
బస్సు కదిలినందుకు కోపం వచ్చింది.

శ్రావణంలో సైదులు వచ్చాడు.
ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డు,
ముప్ఫయ్యేళ్ల గ్రైండరు.
గ్రాఫు గియ్యకముందే నాకు తెలుసు
నాలుగు వేల దగ్గర గుంట ఉంటుందని.
ఉంది.
"రాత్రుళ్లు ఈల మోగుద్దమ్మా చెవిలో.
ఆపడానికి మాత్రేమన్నా ఉందా?"
లేదు.
లేదని చెప్పాల్సిన డాక్టరుగారు భోజనానికి వెళ్లారు.

ఏం తోచిందో, నా ఫోను మిషనుకి తగిలించి
ఇరవైరెండు నిమిషాల డ్రోను పెట్టాను.
ఒకే మోత. ఎటూ పోదు.
సైదులు కళ్లు మూసుకున్నాడు.
మీట చేతిలోనే ఉంది, తీసుకోవడం మర్చిపోయాను.

ఐదో నిమిషంలో నా బల్ల మీద దీపం వెలిగింది.
నిజమే, అక్కడ కింది పొర ఒకటి కదులుతుంది,
అది పట్టుకోవడానికి నాకు నెల పట్టింది.
తొమ్మిదిలో వెలిగింది. అదీ నిజమే.
పద్నాలుగులో వెలిగింది.
పద్నాలుగులో ఏమీ లేదు.

బయటికొచ్చి చెవులు రుద్దుకుంటూ అడిగాడు:
"ఇది ఏ షెడ్డులో చేశారమ్మా?"
నాకు తెలీదన్నాను.
"గ్రైండరు కాదులే ఇది.
గ్రైండరు ఆపాక ఉంటదే, అది."
పద్నాలుగో నిమిషం గురించి అడిగితే
చెప్పు తొడుక్కుంటూ ఆగాడు.
"అక్కడ ఒకటి తప్పుకుంది.
నా ఈల పట్టేంత జాగా వచ్చింది."

రిపోర్టులో ఇది రాయడానికి గడి లేదు.
కుడి చెవి, ఎడమ చెవి, సలహా.
సలహా దగ్గర, దూది పెట్టుకోమని రాశాను.

ఇప్పుడు రాత్రి పదకొండున్నర.
పక్కింటి వాళ్ల టీవీ కట్టేశారు.
పద్నాలుగు దగ్గరికి వెనక్కి లాగుతున్నాను,
ఇది ఆరోసారి.
నా గ్రాఫులో గుంటలేవీ లేవు, గీత తిన్నగా ఉంటుంది.
ఇంకా దొరకలేదు.