ఊదా ఉంగరాలు

కవరు చింపేది నర్సు.
ఏ మందు పడిందో నాకు చెప్పదు.
చెప్పకూడదు.
లెక్కపెట్టే కళ్ళకి ఇష్టాయిష్టాలు ఉండకూడదని
గోడమీద కాగితం అంటించారు.

టొరోరో ఆస్పత్రి వెనకగది. జనరేటరు దగ్గుతోంది.
న్యాకెచ్చో నెత్తుటిచుక్క గాజుపలక మీద ఆరుతోంది.
ఐదేళ్ళు. ఒళ్ళు పెనం.
రెండువందల తెల్లకణాలు ఎంచేలోగా
ఎన్ని ఊదా ఉంగరాలో,
ఏ వేలికీ పట్టనివి.
బొటనవేలి కింద మీట టిక్కుటిక్కుమంటూ
మూడంకెలు నిండి నాలుగో అంకె తిరిగింది.

రెండోరోజు తల్లి అదికిని పిల్లని చంకనేసుకొచ్చింది.
మొదటి బిళ్ళ ఉమ్మేసిందట,
అరగంట ఆగి మళ్ళీ ఇచ్చారట.
మాట మధ్యలో వేరుశెనగ వాసన,
పిల్ల పెదవుల మీంచి.

నూనె తగిలితేగాని ఒంటికి సరిగా పట్టని మందొకటుంది.
అయితే అదేనా?
తెలియకూడనిది ముక్కుకి తెలిసిపోయింది.
ఆ పలకని మూడుసార్లు ఎంచాను,
నేను తగ్గాలనుకుంటే తగ్గాయో, నిజంగానే తగ్గాయో.

మర్నాడు ఒఫ్వోనో వచ్చాడు. వాడి దగ్గరా అదే వాసన.
వాడి చెల్లెలి దగ్గర కూడా.
నర్సు నవ్వింది:
"అందరికీ పెడుతున్నాం ఆ ముద్ద.
నీలాంటి కుక్కముక్కులు ఉంటాయనే."

ఏడోరోజు శుభ్రం.
పద్నాలుగు, ఇరవై ఒకటి, శుభ్రం.
న్యాకెచ్చో గుమ్మంలో కూచుని మామిడిటెంకె చీకింది,
నా చొక్కాకి చేతులు తుడిచింది.

ఇరవై ఎనిమిదోరోజు
పలక అంచున ఒక్కటి.
ఒకే ఒక్క ఉంగరం.

"మందు ఓడిందా?" అంది అదికిని.

పాతది దాక్కుని లేచిందో,
మొన్నటి వానకి కొత్త దోమ తెచ్చి పెట్టిందో
నా గాజుకి తెలీదు.
కాగితం మీద ఎండిన చుక్క కంపాలా వెళ్ళాలి,
అక్కడ దాని పుట్టుపూర్వోత్తరాలు తీస్తారు.

"ఎన్నాళ్ళు?"
"నెలలు."
"అప్పటికి దీనికి పాలపళ్ళు ఊడతాయి."

ఈసారి కవరు లేదు. నర్సు డబ్బాలోంచే ఇచ్చింది.
"ఏది మంచిదో తేలాక అదే ఇస్తారుగా, మా ఊళ్ళో అందరికీ?"
ఇస్తారనే అన్నాను.
గొంతు గట్టిగానే వచ్చింది.

ఈలోగా న్యాకెచ్చో నా లెక్కమీట లాక్కుని
రేకుల కప్పు మీది కొంగల్ని ఎంచుతోంది,
ఎగిరిపోయినదాన్నీ, మళ్ళీ వాలినదాన్నీ
వేరువేరుగా.
నలభై మూడయ్యాక విసుగొచ్చి
నా చేతిలో పెట్టింది, సున్నా చెయ్యకుండానే.