తాడుకు ఈ కొస

మైలవరం నీళ్ల మీద పొద్దు ఎర్రబడకముందే
నేను తాడు చుట్ట విప్పుతాను.
నారింజరంగు తాడు, అరవై మీటర్లు, చేతికి బరువే తెలియదు.
మా నాయన మోకు ఇరవై బారలు.
కొబ్బరినార. తడిస్తే ఎద్దు బరువు.

నా పేరు పక్కీరమ్మ.
రిజిస్టర్లో మాత్రం సహాయకురాలు.
గండికోట అంచున, పెన్న రాతిని కోసుకున్న చోట,
కొండ దిగేవాళ్ల నడుముకు పట్టీ బిగించి
ఈ కొస పట్టుకునేది నేను.

ఆ పొద్దు వచ్చినామె వైజయంతి. బెంగళూరు.
పట్టీ కడతాంటే ఫోను చూపించింది:
తెల్లటి కొండ, కింద నీలిమందు కలిపినట్టు నీళ్లు,
నడుమ గాల్లో కాళ్లు ముడుచుకోని తనే.
"మధ్యధరా సముద్రం," అనింది.
"భూమి మధ్యలో ఉంటుందని ఆ పేరు."
"మాదీ అంతే," అన్నా.
"ఈ డ్యాము నీళ్లు పక్కనబెడితే
పెన్న కూడా ఇసుక మధ్యన యాడో ఒకచోట ఉంటాది."
నవ్వింది.
నవ్వుకుంటానే అంచుకు వచ్చి కిందికి చూసింది.
నవ్వు ఆడే నిలిచిపోయింది.

ఇరవై అడుగులు దిగింది. ఇంగ కదల్లేదు.
తాడు నా అరచేతిలో వణికింది,
చేప తగిలినట్టు కాదు,
జ్వరమొచ్చిన బిడ్డ చెయ్యి పట్టుకున్నట్టు.
అంచు మీదనుంచి సారు ఇంగ్లీషులో ఏమేమో అరిచినాడు.
ధైర్యమనే మాట మూడుసార్లు వినపడింది.
అంచు మీద ధైర్యం ఎవరికైనా ఉంటాది.

నాకు తొమ్మిదేండ్లప్పుడు
మా నాయన పూడిక తీసే బావి గట్టున
బోర్లా పండుకోని మోకు మీద చెయ్యి పెట్టుకోనుండేదాన్ని.
ఒక గుంజు, వదులు.
రెండు గుంజులు, బొక్కెన పైకి లాగు.
మూడింటికి అర్థం ఆయన చెప్పలేదు.
"అది వచ్చినప్పుడు నీకే తెలుస్తాది," అన్నాడు.
ఒక్కసారి వచ్చింది. చెడ్డగాలి పట్టిన బావి.
మా యమ్మ, నేను, దారిన పోయే గొర్రెలాయన
కలిసి లాగితే పైకొచ్చినాడు,
పెదాలు నేరేడుపండు రంగు.
నీళ్లు తాగి, బీడీ వెతుక్కుంటా అన్నాడు:
"సగం పూడిక మిగిలిపాయె,
కూలి కూడా సగమే ఇస్తారేమో."

తర్వాత బోర్లు వచ్చినాయి.
మోకును ఎలకలు కొట్టినాయి.
ఆ లోతుకు ఎవరూ పేరు పెట్టలేదు.
సాహస క్రీడలని బోర్డు పెట్టిన దినం
ఆ మాటను కూడబలుక్కోని చదివినా: సా, హ, స.
పండగకు చేసుకునే తీపి పేరు మాదిరి ఉండె.

తాడును ఒక్కసారి మెల్లిగా గుంజినా.
కిందనుంచి ఏమీ లేదు.
మళ్లా గుంజినా.
"అమ్మా, నీ ముక్కు ముందర రాయుంది చూడు,
దాంట్లో ఎన్ని రంగులుండాయో చెప్పు."
చానాసేపు గాలే మాట్లాడింది.
"ఎరుపు... ఇంకొకటి ఇటుక రంగు...
ఇక్కడ కొంచెం నల్లగా."
"ఆ నలుపు పక్కన కాలు పెట్టు. నేను పట్టుకోనుండా."
తాడు ఒక గుంజు గుంజింది.
వదిలినా, జానెడు.
మళ్లా ఒకటి. ఇంకో జానెడు.
అట్లా గంటసేపు ఆమె దిగింది.
కూచున్న చోటనుంచి కదలకుండా నేనూ దిగినా.

పోయేముందు అడిగింది, "నువ్వెప్పుడూ దిగలేదా?"
దిగితే ఈ కొస ఎవరికియ్యాల?
పైకి ఆ మాట అనలేదు.
జొన్నరొట్టె సగం తుంచి, ఎర్రకారం పూసి ఇచ్చినా.
రెండో ముద్దకే కండ్లనిండా నీళ్లు,
అంత సముద్రంలో దూకిన మనిషికి!

చీకటి పడినాక తాడును తడిగుడ్డతో తుడుస్తా
మూర మూరకూ వేళ్లతో తడిమి చూస్తాను,
యాడన్నా పోగు తెగిందేమోనని.
నలభయ్యో మూర దగ్గర ఏదో గరుకు తగిలింది.
లైటు కిందికి తెచ్చి చూసినా.
తాడు బాగుంది.
నా వేలే.