జరగనివాటి రిజిస్టరు

ఆరున్నరకి ఎండాడ కొండ మీద
ఎండ ఇంకా లేతగానే ఉంటుంది.
పరంజా కింద నిలబడి
మెడ వెనక్కి విరిచి చూస్తాను.
నా జీతం అందుకే, చూడటానికి.

సముద్రం ఇక్కడికి కిలోమీటరున్నర.
రాత్రంతా వచ్చి
క్లాంపుల మరలు నాకి పోతుంది.
వేలితో రుద్దితే ఎర్రటి పొడి.
నిన్న బిగిసి ఉన్నాను కాబట్టి ఇవాళా ఉంటానని
విశాఖలో ఏ ఇనుమూ మాటివ్వదు.

గోతి అంచున పోసిన మట్టిని నాలుగడుగులు వెనక్కి లాగించాను.
ఇక్కడి ఎర్రమట్టి వాన వెలిశాక
గోడలా బుద్ధిగా నిలబడుతుంది.
చీలిక మొదట వెంట్రుకంతే.
గోతిలో ఉన్నవాడికి అది కనబడదు.

పొద్దుటి మాటల్లో తెలుగు కొంత, ఒడియా కొంత,
మిగతాది చేతులు.
"బెల్టు కట్టుకున్నారా?"
"కట్టుకున్నాం సార్."
కొక్కెం దేనికీ తగిలించని బెల్టు
ఉత్త మొలతాడు.
ఆ మాటకి నవ్వుతారు. నవ్వినవాళ్లలో సగం మంది తగిలిస్తారు.
మిగతా సగం కోసం మెట్లెక్కుతాను.

ఎనిమిదో అంతస్తులో
సిమెంటు తట్ట దించుకుని గవరమ్మ అంది:
"బాబూ, ఈ సెక్క మాటాడతంది."

లిఫ్టు గొయ్యి మీద పరిచిన ప్లైవుడ్.
నిన్న సాయంత్రం నేనే టిక్కు పెట్టాను.
నేను కళ్లతో చూశాను,
ఆమె చెప్పు తెగిన అరికాలితో చూసింది.
(ఆడవాళ్ల కొలత బూట్లు ఇంకా రాలేదు. అది వేరే పేజీ.)

నాలుగు మూలల మేకుల్లో మిగిలింది ఒక్కటి.
చెక్క జరిపితే ఓ కంకర రాయి జారింది.
అడుగున చప్పుడయ్యేలోగా
నా పిల్లలిద్దరి పేర్లూ తలుచుకోగలిగాను.

మేకులు పీకింది బైరాగి సబర, ఇరవై నిండనివాడు.
ఎందుకురా అంటే
సెంట్రింగుకి మేకుల్లేవు, అడిగి మూడు రోజులైంది,
స్లాబు ఇవాళే పడాలన్నారు, అన్నాడు.
అన్నదెవరు? మేస్త్రీ.
మేస్త్రీకి అన్నదెవరు? కాంట్రాక్టరు.
కాంట్రాక్టరు వేలు
ఆఫీసు గోడ మీది క్యాలెండరు వైపు.
బరువున్న ప్రతి వస్తువులాగే
తప్పు కూడా కిందికే పడుతుంది.
దాన్ని భుజాన వేసుకుని
ఆఫీసు మెట్లెక్కాను.

"ఏం జరిగింది?" అన్నారు పట్నాయక్ గారు.
"ఏమీ జరగలేదండి."
"మరి?"

ఆ "మరి"కి నా దగ్గర కాగితం లేదు.
విరిగిన కాలికి ఫొటో ఉంటుంది.
విరగని కాలు
నడుచుకుంటూ ఇంటికెళ్లిపోతుంది.
మీరొచ్చి ఆ చెక్క మీద నిలబడండి, అన్నాను.
ఆయన రాలేదు.
గంటలో మేకుల పెట్టె వచ్చింది.
స్లాబు మాపటికి జరిగింది.

"గుర్తించినవారు" అన్న గడి దగ్గర పెన్ను ఆగింది.
పేరెక్కితే రేపు పని ఉంటుందా అని
ఇద్దరం ఒకేసారి అనుకున్నట్టున్నాం.
"రాయి" అంది కాసేపటికి.
"బోణి గవరమ్మని ఇంటిపేరెట్టి రాయి.
ఈ సైటుల గవరమ్మలం ముగ్గురం."

సాయంత్రం గేటు దగ్గర తలలు లెక్కపెట్టాను.
పొద్దున ఎక్కినవాళ్లు నూట పద్నాలుగు.
దిగినవాళ్లు నూట పదమూడు.
నోరెండిపోయి మళ్లీ ఒకటి నుంచి మొదలెడితే
చీకట్లో మెట్ల మీంచి గలగలమని చప్పుడు.
బైరాగి.
చేతిలో పాత పెయింటు డబ్బా,
అందులో సుత్తితో సాపు చేసుకున్న వంకర మేకులు.

"కొత్తవి వచ్చాయి కదరా?"
"రేపు అయిపోతే, సార్?"

దానికి రిజిస్టరులో గడి లేదు.
మార్జిన్‌లో రాశాను.