లిత్రే దొరకి నమస్కారం

పదకొండేళ్లు నా ఉద్యోగం
ముప్పై నాలుగు పసుపు గీతల మధ్య
ఎవరి కారు ఎక్కడుండాలో చెప్పడం.
శాంటియాగోలో, నర్సింగ్ కాలేజీ వెనక పార్కింగు.
వేసవిలో తారు మెత్తబడి
టీచరమ్మల మడమలు దిగబడిపోయేవి.

ఓఫెలియా వెంచుమిల్ మేడమ్ టేపు పట్టుకొచ్చిన రోజు
నేనడిగింది ఒక్కటే: నా కుర్చీ ఎక్కడ వేసుకోను?
"నీడలో" అంది.
నీడెక్కడుందని నవ్వాను.
ఆమె నవ్వలేదు.

తారు పలకలు పలకలుగా లేచింది.
కింద నేల,
ఏళ్ల తరబడి ఎవరూ పలకరించని ముసలి మొహంలా
పాలిపోయి, బిగుసుకొని.
గునపం వేస్తే ఠంగుమంది.
గుర్రాల పెంట, ఎండుగడ్డి, కుళ్లిన ఆకులు
బండ్లకొద్దీ పోసి కలిపాం.
మూడో నాటి పొద్దున ఆవిరి లేచింది.
దూరంగా ఆండీస్ మీద మంచు,
ఇక్కడ కుండ మూత తీసినట్టు వెచ్చటి వాసన.

జూలై చలివానలో నాటాం,
చదరపు మీటరుకి మూడు.
ఇంత ఇరుకులోనా అంటే
"కిక్కిరిసిన బస్సులో నిలబడ్డవాళ్లు పడిపోరు, చూడు" అంది.
కియాయ్, దాని బెరడు నలిపితే కుంకుడులా నురగ.
బోల్దో. పెయుమో.
ఎస్పినో ముల్లు నా నీలం చొక్కా చేతిలో సగం ఉంచేసుకుంది.

జాబితాలో లిత్రే పేరు మీద మాత్రం
ఆఫీసు ఎర్రగీత కొట్టింది.
జీడి సొన జాతి. తగిలితే ఒళ్లంతా దద్దుర్లు,
దాని నీడ కూడా పడనివాళ్లున్నారట.
మేడమ్ రెండు ఉత్తరాలు రాసింది, ఓడిపోయింది.

నేను ఉత్తరాలు రాయలేదు.
మా అమ్మ కొండవాలున కట్టెలకి పోతూ
లిత్రే ఎదురైతే తలగుడ్డ సర్దుకొని
"నమస్కారం దొరా, ఇంటిల్లిపాదీ కులాసానా?" అనేది.
దద్దుర్లు మర్యాద తెలియనివాళ్లకేనని ఆమె లెక్క.
ఆమె చేతులు చివరిదాకా నున్నగానే ఉన్నాయి.
మొక్కకి మొక్కడమేమిటని నేను సిగ్గుపడేవాణ్ని,
వేసవి పొడుగునా గోక్కునేవాణ్ని.

ఒక ఆదివారం ఊరెళ్లి
పాలపొడి డబ్బాలో జానెడు లిత్రే తెచ్చి
నట్టనడుమ, ఎవరి కాలూ పడనిచోట పెట్టాను.
ముప్పై నాలుగు బండ్ల లెక్క ఏనాడూ తప్పనివాణ్ని
రిజిస్టరులో దానికో గీతైనా పెట్టలేదు.

ఇది నాలుగో ఏడు.
ఇటు నిలబడితే అటువైపు లాబరేటరీ కిటికీలు కనబడవు.
రెండొందల చిల్లర చచ్చిపోయాయి, అదీ చెప్పాలి.
రెండో వేసవిలో పద్దెనిమిది రోజులు నీళ్లు కట్టేశారు.
రాత్రిపూట నా టీ కెటిల్‌తో ఎన్నిటికని పోస్తాను!
అయినా పొద్దున్నే సొర్సాల్ పిట్ట
ఆకుల్ని వెనక్కి తన్నుతూ
తాళంచెవి పారేసుకున్నదానిలా వెతుకుతుంది.
అది వెతికేది పందొమ్మిదో గీత దగ్గర,
డీన్ గారి కారు ఉండే చోట.

మొన్న కొలతలకని మేడమ్
వంగి, పాకి, లోపలికి వెళ్లింది.
చాలాసేపు చప్పుడు లేదు.
లిత్రే ఇప్పుడు ఆమె నడుమెత్తు.
నా ప్రాణం కుర్చీ కింద దాక్కుంది.

ఆకుల వెనకనుంచి, గొంతు తగ్గించి,
"నమస్కారం దొరా."

బయటికొచ్చి మోకాళ్లు దులుపుకొంది.
కాగితం మీద ఏమీ రాయలేదు.
"కుర్చీ కాస్త ఇటు జరుపుకో,
ఎండ పడుతోంది నీమీద."

పడటం లేదు.
జరుపుకున్నాను.