ఒక పక్క లెక్క

ముడసర్లోవ దాటాక కొండవాలు పాకలో
నూకరత్నం నాటు పెయ్యకి పిడుదులు లెక్కపెడతాను.
ఎడమ పక్క మాత్రమే.
చెవి లోపల, గంగడోలు మడతలో, తోక మొదట్లో.
వచ్చిన అంకెను రెండుతో గుణిస్తే
పెయ్య మొత్తం.

జూన్‌లో నూట ఎనభై ఆరు.
ఆముదపు గింజల్లా బలిసి,
వేలు తగిలితే చిట్లేటట్టు.
పెయ్యకి తెలీదు, నెమరేస్తూనే ఉంది.
కన్నం వేసే ముందు మత్తు రాసే దొంగతనం
పిడుదు ఉమ్మిలో ఉంది.
వారం రోజులు తాగి, తన బరువుకి తానే రాలి
గోడ పగుల్లో గుడ్లు పెట్టుకుంటుంది
వేలకొద్దీ.

"మందు కొట్టీ బాబూ" అంది నూకరత్నం.
"ఈ ఒక్కదానికీ ఆగమ్మా" అన్నాను.
రెండ్రోజులు నాతో మాట్లాడలేదు.
టీ మాత్రం పోసింది.

ఆగస్టు. సముద్రం మీంచి ముసురు.
పెయ్య తాటిదుంగకి మెడ ఆనించి రుద్దుతోంది,
నాలుక అందినంత మేరా నాకుతోంది.
దురద!
ఆ ఉమ్మిని తోలు గుర్తుపట్టింది.
కాటు పడ్డ చోటికి
నెత్తుట్లోంచి పరుగెత్తుకొచ్చిన కణాలు
కత్తులేమీ తేలేదు,
దురద తెచ్చాయి.
తోలు ఉబ్బింది, రసి కారి పెచ్చు కట్టింది,
తాగే నోటికి నెత్తురు సరిగా అందలేదు.
నేను చదివిన పుస్తకంలో
దురదకి రెండే రెండు లైన్లు.

సెప్టెంబరు చివర నలభై నాలుగు.
అవీ సగం ఆకలితో, జొన్నగింజంత.
ఒకటి పేడ పక్కన దొరికింది, ముడతలు పడి.
చావలేదు.
ఈ ఇల్లు దానికి గిట్టుబాటు కాలేదంతే.

పక్క గుంజకి
పెందుర్తి నుంచి తెచ్చిన జెర్సీ దూడ.
సిమెంటు నేల మీద, పదిహేనురోజులకో మందుస్నానంతో
ఒక్క కాటూ ఎరగకుండా పెరిగింది.
దాని ఎడమ పక్క లెక్క
వేళ్లు నొప్పెట్టేదాకా సాగింది.
కళ్లు సగం మూసుకుని, హాయిగా నిలబడింది పాపం.
నూకరత్నం దాని చెవి ఎత్తి చూసి
"దీనికింకా దురద రానేదు బాబూ" అంది,
పసిబిడ్డకి పళ్లు రాలేదన్నట్టు.

ఈసారి నేనే మందు సీసా తీశాను.
"కొంచెం ఆగు" అంది.

మర్నాడు వెళ్తే
తాటిదుంగకి కొత్తగా కొబ్బరితాడు చుట్టి ఉంది,
గరుగ్గా, పెయ్య మెడ ఎత్తున.
దానికి జానెడు కింద
మరో చుట్టు.