ఒకటి తక్కువ

మలార్గ్వేలో ఇవాళ గాలి పడమటి నుంచి.
ముప్ఫై అయిదు మీటర్ల పళ్ళెం
నిద్రలో ఒత్తిగిలినంత నెమ్మదిగా తల తిప్పింది.
ఎడెల్మీరా మాతె ఆకు మీద వేణ్ణీళ్ళు పోసుకుని
తెర ముందు కూర్చుంది.

పదిహేను లక్షల కిలోమీటర్ల అవతల
సూర్యుడికి వీపు పెట్టి కూర్చున్న టెలిస్కోపు
నిన్నంతా పోగేసింది మూట విప్పుతోంది.
మూటలో ఎంతుందని?
ఒక ముసలి గెలాక్సీకి రాత్రంతా కాపు కాస్తే
పదకొండు ఎక్స్-రే కణాలు.

వరస సంఖ్యలు దిగుతున్నాయి.
నాలుగువేల ఆరు. నాలుగువేల ఏడు.
నాలుగువేల తొమ్మిది.

మాతె కింద పెట్టేసింది.

నాన్న డోనాటో మేకల్ని దొడ్లోకి తోలుతూ
తడిక పక్కన నిలబడి
తొడ మీద వేళ్ళతో లెక్కపెట్టేవాడు.
ఒకటి తగ్గితే ఎవర్నీ తిట్టేవాడు కాదు,
లాంతరు అందుకునేవాడు.
తెల్లారి వచ్చేవాడు, కొన్నిసార్లు పిల్లతో,
కొన్నిసార్లు తోలుతో,
ఒకసారి ఆరిపోయిన లాంతరుతో.

షిఫ్టు ఇంకా పద్దెనిమిది నిమిషాలు.
మళ్ళీ పంపమని ఆదేశం కొట్టింది.
వెళ్ళడానికి అయిదు సెకన్లు, రావడానికి అయిదు,
మధ్యలో ఆ యంత్రం
తన జేబులు తడుముకోవడానికి ఎంతో.

ఆ ముక్కలో ఏమీ ఉండకపోవచ్చు.
ఉత్త చీకటే కావచ్చు.
చీకటైనా లెక్కలోదే.
గ్రోనింగెన్‌లో ఎవరో కుర్రది
సున్నా అని రాయాలన్నా
అది చేతికి రావాలి కదా.

బయట గాలి కంచెను పట్టి ఊపుతోంది.
ఎడెల్మీరా వేళ్ళు తొడ మీద కదులుతున్నాయి,
ఆమెకు తెలీదు.
ఎనిమిది ఇంకా రాలేదు.