ఆటు వేళ

ఆ ఆదివారం పోర్టు గ్రౌండులో
నా ఆఖరి ఓవరుకి ఇరవై రెండు పరుగులు.
గాజువాక కుర్రాడు గొర్లె హేమసుందర్
మోకాలు నేలకానించి
మిడ్ వికెట్ మీదుగా, అదే చోటికి,
మూడుసార్లు.
మూడోది గోడ దాటి గూడ్సు పెట్టె మీద మోగింది.

తిరుగు బస్సులో లెక్కలు తీశాను.
బంతి తడిసింది. పిచ్ చచ్చింది.
కీపరు తాతబాబు నిలబడ్డ తీరే బాలేదు.
అంపైరు కళ్లలో ఎండ.
కంచరపాలెం మెట్టు వచ్చేసరికి
నా తప్పు తప్ప అందరి తప్పులూ
చిల్లరలా జేబులో గలగలమంటున్నాయి.

నా పని అల్లిపురం బేకరీలో, రాత్రిళ్లు.
పన్నెండు ట్రేల బన్నులు, ఆరు ట్రేల రొట్టె.
పిండితో అబద్ధమాడలేం.
నీళ్లు గుక్కెడు ఎక్కువైతే
పొయ్యి తలుపు తీసినప్పుడు
మొహం మీదే చెప్పేస్తుంది.
ఆ సంగతి నా వేళ్లకి తెలుసు.
అవే వేళ్లు బంతి పట్టుకున్నాక
ఎందుకో ఎదుటివాళ్ల వైపే చూపిస్తాయి.

నాలుగున్నరకి పొయ్యి ఆర్పి
పిండి చేతులతోనే బీచి రోడ్డు దాటి దిగేవాణ్ణి.
ఆటు వేళ సముద్రం వెనక్కి జరిగి
నున్నటి తడి ఇసుక పరిచేది.
యారాడ కొండ మీది దీపం వైపు తిరిగి,
డొక్కు రొట్టె డబ్బా ఇరవై రెండు గజాల అవతల పెట్టి
నలభై బంతులు, ఏభై బంతులు,
చూపుడువేలి పక్క చర్మం లేచేదాకా.
డబ్బాకి తగిలినవి నా ప్రతిభ.
తగలనివి గాలి.

వలలోంచి పీత కాళ్లు విడదీసుకుంటూ
వాసుపల్లి ఎల్లాజీ మూడు వారాలు చూశాడు.
ఓ రోజు నోట్లో బీడీ తీసి అన్నాడు:
“సెయ్యి బాగానే తిప్పతన్నావు గానీ బాబూ,
ఆ ఎడం కాలేటి, సముద్రంలోకి పారిపోతంది?”

నవ్వుకున్నాను. ఆయనకి క్రికెట్ ఏం తెలుసని.
అయినా ఒంగి చూశాను.

ఇసుక అంతా రాసిపెట్టింది.
అయిదడుగుల పరుగు. కుడికాలు తిన్నగా.
ఆపైన ఎడంకాలు
జానెడు పక్కకి, బొటనవేలు నీళ్ల వైపు.
ఏభైసార్లూ ఒకే చోట పడి
చిన్న గొయ్యి అయింది.
అందులో నీరు ఊరింది.
తాతబాబు లేడు ఆ గోతిలో. అంపైరూ లేడు.
నా వేళ్లు అయిదే, అచ్చంగా.

ఇంతలో ఓ అల వచ్చి
నాకు సిగ్గేస్తోందని ఎవరో చెప్పినట్టు
తుడిచేసి పోయింది.

మర్నాటి నుంచి బంతి తేలేదు.
ఉత్త చెయ్యి, ఉత్త అడుగు.
బేకరీ బిల్లుల వెనక పెన్సిలు రాతలు:
మంగళవారం. నలభైకి తొమ్మిది తిన్నగా.
బుధవారం. ఆరు. నిద్ర లేదు.
శుక్రవారం. పదకొండు. హేమసుందర్
గుర్తొచ్చినప్పుడల్లా కాలు తప్పుకుంది,
దెబ్బ పడకముందే చెయ్యి అడ్డం పెట్టేవాడిలా.
ఆ చివరి వాక్యం రాశాక
చాలాసేపు పెన్సిలు కదల్లేదు.

వానలు వచ్చాయి, పోయాయి. రాత ముప్పై దాటింది.
ఎల్లాజీ మళ్లీ ఏమీ అనలేదు.
అనకపోవడమే నేను లెక్కేసుకున్నాను.

కార్తీకంలో మళ్లీ అదే గ్రౌండు, అదే కుర్రాడు.
మొదటి బంతి నేననుకున్న చోటే పడింది,
కాస్త తిరిగింది కూడా.
అయినా మోకాలు నేలకానించాడు.
గోడ అవతల గూడ్సు పెట్టె మోగింది.

అందరూ ఆకాశంలోకి చూస్తుంటే
నేను కిందికి చూశాను.
బూటు గుర్తు తిన్నగా ఉంది.
అంటే ఈ సిక్సు పూర్తిగా అతనిది.
అందులో నా వాటా లేదు.
ఎందుకో తేలికపడ్డాను.

బంతి వెతికి తెచ్చేదాకా
ఆ గుర్తు పక్కన మట్టి సర్దుతూ నిలబడ్డాను.
“ఏటైంది రా?” తాతబాబు అరిచాడు.
ఏం కాలేదని చెయ్యూపి
నా అయిదడుగులూ వెనక్కి నడిచాను.